మాల లేని స్వామి

ఇస్నాపూర్ బస్టాప్ పక్కన మూతపడిన ఎరువుల దుకాణం ఒకటి ఉండేది. దాని షట్టర్ ముందే చిన్నరాములు పడుకునేవాడు. పగలు కూడా అక్కడే కూర్చునేవాడు. కంపెనీ బస్సుల కోసం నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరిని ఎంచుకుని, "సార్, ఒక చాయ్ తాపియ్యి సార్" అనేవాడు. ఇస్తే తీసుకునేవాడు. ఇవ్వకపోతే మళ్లీ అడిగేవాడు కాదు, తల తిప్పుకుని హైవే మీద లారీలను చూసేవాడు.

దుకాణానికి ఆనుకునే మొహియుద్దీన్ హోటల్. హోటల్ అంటే నాలుగు బల్లలు, ఒక చాయ్ పొయ్యి. అక్కడ చిన్నరాములు గురించి జరిగినంత చర్చ ఎలక్షన్ల గురించి కూడా జరగలేదు.

"పైసలిస్తే సక్కగ వైన్స్‌కు పోతడన్నా. నేను కండ్లార సూసిన."

"కాళ్లు సేతులు మంచిగనే ఉన్నయి గద, లేబర్ పనికి పోరాదు? బీహార్ నుంచి వచ్చినోళ్లకు పని దొరుకుతుంది, వీనికి దొరుకతలేదా?"

"కాలిరిగినోనికి ఇయ్యొచ్చు, ముసలోళ్లకు ఇయ్యొచ్చు. గట్టిగున్నోనికి ఇస్తే పాపం మనకే సుట్టుకుంటది."

మొహియుద్దీన్‌కు తన పద్ధతి తనకుంది. గిన్నెలో అడుగున మిగిలిన చాయ్ కాగితం కప్పులో పోసి ఇచ్చేవాడు. లోపల కూర్చోనిచ్చేవాడు కాదు. "చాయ్ ఇస్త భాయ్, కుర్సీ ఇయ్య. కుర్సీ ఇస్తే గిరాకీ లేసిపోతది" అనేవాడు.

జైపాల్ ఈ మాటల్లో కలిసేవాడు కాదు, కాదనేవాడూ కాదు. అతనిది నారాయణఖేడ్ అవతల ఒక పల్లె. ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాడు అతనొక్కడే. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, ఇస్నాపూర్‌లో కిరాయి రూము. చిన్నరాములు "సార్" అన్నప్పుడల్లా ఫోను చూసుకుంటూ రెండడుగులు పక్కకు జరిగేవాడు. తండ్రి హమాలీ పనిచేసి చదివించాడు. పని చేయకుండా కూర్చున్న మనిషిని చూస్తే జైపాల్‌కు లోపల ఎక్కడో మండేది.

కార్తీకం వచ్చింది, చలి ముదిరింది. అదే వారం ఎరువుల దుకాణం షట్టర్ మీద కొత్త బోర్డు పెట్టారు. త్వరలో అక్కడ మొబైల్ షాపు తెరుస్తారట. చిన్నరాములుకు ఉన్న ఒక్క జాగా పోబోతోందని అందరికీ తెలుసు. ఎటు పోతాడని మాత్రం ఎవరూ అడగలేదు.

బస్టాప్‌లో జొన్నరొట్టెల బండి పెట్టే సంగమ్మ ఒక పొద్దున అతను వణుకుతూ ముడుచుకుని ఉండటం చూసింది. ఇంటికి పోయి, భర్త నిరుడు అయ్యప్ప మాల వేసుకున్నప్పటి నల్ల లుంగీ, నల్ల శాలువా తెచ్చి అతని మీదికి విసిరింది.

"ఇగో, కప్పుకో. సలికి సచ్చిగిచ్చిపోతే పోలీసోళ్లు నా బండి కాడికే వస్తరు."

ఆమె చేసింది అంతే. కానీ ఆ బట్టలు కట్టుకున్నాక చిన్నరాములు మారిపోయాడు. అతను మారలేదు, చూసేవాళ్ల కళ్లు మారాయి. నెలల తరబడి పెరిగిన గడ్డం ముందునుంచే ఉంది. కాళ్లకు చెప్పులు ముందునుంచే లేవు. కటిక నేల మీద పడుకోవడం ముందునుంచే అలవాటు. వాటికి నల్లబట్టలు తోడైతే, కార్తీక మాసంలో ఈ కంపెనీల ప్రాంతంలో ఎవరైనా ఒకటే అనుకుంటారు.

మొదట ఒక ఆటో ఆగింది. "స్వామీ శరణం! యాడిదాక స్వామీ? ఎక్కుండ్రి." చిన్నరాములు వెనక్కి తిరిగి ఎవరినా అని చూశాడు. కాలేజీ పిల్లలు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆ మధ్యాహ్నం నల్లబట్టల్లో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు మోటార్ సైకిల్ ఆపి, "స్వామీ, భిక్ష అయిందా?" అని అడిగారు. దీక్షలో ఉన్నవాళ్లు మధ్యాహ్న భోజనాన్ని అలాగే అంటారు.

"కాలే" అన్నాడు చిన్నరాములు. అది అబద్ధం కాదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

"అయితే రాండ్రి స్వామీ. అంజయ్య గురుస్వామి సన్నిధానం గీడనే."

అంజయ్యకు ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలాలుండేవి. కంపెనీలకు అమ్మగా వచ్చిన డబ్బుతో కూలీలకు కిరాయికిచ్చే రూములు కట్టాడు. ఏటా మాల వేసుకుంటాడు, మిగతా స్వాములకు పెద్ద దిక్కుగా ఉంటాడు. ఇంటి పక్క రేకుల షెడ్డును దీక్ష రోజుల్లో సన్నిధానంగా మారుస్తాడు. ఏ ఊరి స్వామి వచ్చినా అక్కడ అన్నం, పడుకోవడానికి చాప. కులం అడగరు, ఊరు అడగరు. ఆ మాట అంజయ్య గర్వంగా చెప్పుకుంటాడు.

జైపాల్ కూడా అప్పుడు ఆ షెడ్డులోనే ఉంటున్నాడు. కొడుకు ఉద్యోగం పర్మినెంటు అయితే మాల వేయిస్తానని, స్వాములకు ఒకరోజు భిక్ష పెడతానని తల్లి సత్తెమ్మ మొక్కుకుంది. ఉద్యోగం పర్మినెంటు అయింది, జైపాల్ మాల వేసుకున్నాడు. కంపెనీ గేటు దాకా వట్టి కాళ్లతో నడిచి, లోపల మాత్రం సేఫ్టీ షూ వేసుకునేవాడు.

చిన్నరాములును బంతిలో కూర్చోబెట్టారు. ముందు విస్తరి వేశారు. అంజయ్య కోడలు అరుణ వరుసగా ఒక్కో స్వామి కాళ్లకూ దండం పెట్టుకుంటూ వచ్చింది. చిన్నరాములు దగ్గరికి వచ్చేసరికి అతను కాళ్లు లోపలికి ముడుచుకున్నాడు. ఎంత భక్తో అనుకుని ఆమె నేలకు మొక్కింది. పులుసు వడ్డిస్తున్నది జైపాలే. "ఇంక జెర పొయ్యాల్నా స్వామీ?" అని రెండుసార్లు అడిగాడు కూడా. రోజూ బస్టాప్‌లో చూసే మనిషిని గుర్తుపట్టలేదు. ఇన్నాళ్లూ అతని ముఖంలోకి చూసి ఉంటే కదా.

చిన్నరాములు ఆ సాయంత్రం కూడా వెళ్లలేదు. చాప ఇచ్చారు, పడుకున్నాడు.

తెల్లవారుజామున నీళ్ల ట్యాంకు దగ్గర స్వాములందరూ చన్నీళ్లు పోసుకుంటున్నారు. చిన్నరాములు పక్కన నిలబడి శాలువా తీశాడు. మెడలో ఏమీ లేదు. జైపాల్ చూశాడు.

"స్వామీ, మీ మాల?"

"లేదు సార్."

దీక్షలో ఉన్నవాడు ఎవరినీ సార్ అనడు. ఆ పిలుపు వినగానే బస్టాప్, షట్టర్, లారీలు అన్నీ జైపాల్ కళ్లముందు కదిలాయి.

"నువ్వు... చాయ్ అడిగెటాయనవు గద?"

"అవు సార్. నువ్వు ఫోన్ సూసుకునెటాయనవు."

జైపాల్ చుట్టూ చూశాడు. ఎవరూ వినలేదు. చెయ్యి పట్టుకుని షెడ్డు వెనకకు తీసుకుపోయాడు. "గిట్ల రావొచ్చునా? దేవుని జాగ గిది. పాపం గాదా?"

"పాపమే గావొచ్చు. ఆకలైంది."

"ఆకలైతే పని చేసుకోవాలె."

"చేసిన. పాశమైలారం తాన సంచులు మోసిన. తర్వాత చెయ్యలే."

"ఎందుకు చెయ్యలే?"

చిన్నరాములు నవ్వాడు. ముందు పళ్లలో ఒకటి లేదు. "నీకు ఏ కథ గావాలె సార్? నడుం ఇరిగిందంటే చాయ్ తాపిస్తరు. కొడుకు ఎల్లగొట్టిండంటే ఆడోళ్లు అన్నం పెడతరు. తాగి పోగొట్టుకున్న అంటే ఎవరేమియ్యరు. మూడు కథలు ఉన్నయి నా తాన."

"అండ్ల నిజమేది?"

"మూడు జెర జెర నిజమే. కొడుకు ఎల్లగొట్టిండు, ఎందుకంటే తాగిన. తాగిన, ఎందుకంటే నడుం గుంజేది. నడుం ఎందుకు వోయింది అంటే... ఇగ గట్ల ఎనుకకు పోతుంటే నా తాతదాక పోతది సార్."

జైపాల్‌ గురుస్వామికి చెప్పాలనుకున్నాడు. చెబితే ఈ మనిషిని ఇప్పుడే బయటికి నెడతారు. షట్టర్ దగ్గర అప్పటికే మొబైల్ షాపు వాళ్లు రంగులు వేస్తున్నారు. చెప్పకపోతే, మాల వేసుకుని మోసాన్ని దాచినవాడు తనవుతాడు. భిక్షకు తల్లి వస్తుంది, ఆమె మొక్కు ఏమవుతుంది? ఆలోచిస్తూనే డ్యూటీకి పోయాడు. తిరిగి వచ్చేసరికి చిన్నరాములు భజనలో కూర్చుని, అందరికంటే ఒక మాట వెనకగా శరణం చెబుతున్నాడు. జైపాల్ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. ఆ రోజు గడిచింది. తరువాతి రోజూ గడిచింది.

చిన్నరాములు అక్కడ మంచి స్వామి అయిపోయాడని కాదు. గిన్నెలు కడగమంటే నడుం పట్టుకునేవాడు. పాయసం రెండోసారి అడిగేవాడు. భజన మధ్యలో కూర్చునే గురక పెట్టేవాడు. "పెద్దస్వామి ధ్యానంల ఉన్నడు" అని కుర్రస్వాములు ఒకరినొకరు పొడుచుకుని నవ్వేవారు. మొహియుద్దీన్ మాత్రం జైపాల్ చాయ్‌కు వచ్చినప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. "మా చిన్నరాములు మీ తాననే ఉంటుండంట గద. మీరు కుర్సీ గూడ ఇచ్చిండ్రా ఏంది?"

"నీకు ఎర్కనా?"

"బట్టలు సంగమ్మ ఇచ్చింది. నా ముంగట్నే. నేను ఎవరికి చెప్పలే. నాకేం పనుంది? తింటుండు గద, తిననీ."

ఆదివారం వచ్చింది. మరునాడే జైపాల్ ఇంటివాళ్లు పెట్టే భిక్ష. మధ్యాహ్నం విస్తర్లు వేశారు. చిన్నరాములు కనబడలేదు. ఇద్దరు స్వాములు గేటు బయటికి వచ్చి చూస్తే, రోడ్డుకు అవతల, ఆదివారమని బస్టాప్ వదిలి ఇటు వచ్చిన సంగమ్మ బండి పక్కన కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, రాండ్రి! ఇస్తార్లు ఏసిండ్రు."

"ఇయ్యాల రాను. మీరు తినుండ్రి."

"పాణం మంచిగ లేదా స్వామీ?"

"పాణం మంచిగనే ఉంది. తాగిన. తాగి దేవుని కాడికి ఎట్లొస్త?"

ఇద్దరిలో ఒకడు గట్టిగా అరిచాడు. "మాలల ఉండి తాగినవా స్వామీ?"

"మాల లేదు గద" అని చిన్నరాములు శాలువా పక్కకు తీసి మెడ చూపించాడు. అతని ఉద్దేశంలో అది వాళ్లను నిమ్మళపరచడానికే. మాలలో ఉండి తాగలేదు కదా, భయపడకండి అన్నట్టు.

షెడ్డులోని వాళ్లంతా రోడ్డు మీదికి వచ్చారు. దీక్షలో కోపం పనికిరాదు, ఎవరినైనా స్వామీ అనే పిలవాలి. అందుకని తిట్లు కూడా ఆ మాటతోనే ముగుస్తున్నాయి.

"దొంగమొఖం పెట్టుకొని ఎట్ల తిన్నవ్ స్వామీ?"

"మమ్ముల మోసం జేస్తివి గద స్వామీ, నీకు సిగ్గుండొద్దా?"

"నేను స్వామినని ఎవరికి చెప్పిన?" అన్నాడు చిన్నరాములు. "మీరే బండి మీద ఎక్కించుకొని తెచ్చిండ్రు."

"అయితే కాదని చెప్పొద్దా?"

"చెప్పేటోన్నే. అప్పుడే పప్పు వాసనొచ్చింది."

వెనక నిలబడ్డ ఎవరో నవ్వబోయి దగ్గారు. అంజయ్య జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఊరూరి నుంచి వచ్చినోళ్లకు పెడుతున్న నేను. ఒక్కన్ని ఏ ఊరని అడగలే. దేవుని పేరు మీద నడిచే జాగల తాగుబోతు తిన్నడంటే రేపు మందికి ఏం మొఖం సూపియ్యాలె? నా కోడలు వీని ముంగట నేలకు మొక్కింది!" అంటూ చిన్నరాములు వైపు తిరిగాడు. "బట్టలు ఇప్పు. ఆ నల్లబట్టలు నీ ఒంటి మీద ఉండొద్దు."

చిన్నరాములు శాలువా తీయబోయాడు. అది చూసి సంగమ్మ రొట్టె పెనం వదిలేసి వచ్చింది.

"ఎవరయ్యా ఇప్పమన్నది? గవి నా మొగని బట్టలు. నేనిచ్చిన."

"నీకు తెల్వదు సంగమ్మా, గవి దీక్ష బట్టలు..."

"నాకు తెల్వకేంది? ఉతికింది నేను. నా మొగడు నిరుడు శబరిమల నుంచి వచ్చి మాల తీసిన నాడే వైన్స్ కాడ లైన్ల నిలబడ్డడు. ఇరుముడి కట్టింది నువ్వే గద స్వామీ. గప్పుడు ఆనికి ఏ బట్టలు ఇప్పించినవ్?"

ఈసారి నవ్వు దగ్గులో దాగలేదు. మాల తీసిన రోజు వైన్స్ దగ్గర ఎవరెవరు కనిపిస్తారో అక్కడ ఉన్న సగంమందికి బాగా తెలుసు. గేటు దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ అరుణ మెల్లగా అంది. "మొక్కింది నేను స్వామీ. మొక్కినంక వాపస్ తీస్కునేది ఉంటదా?"

అంజయ్య కోడలి వైపు చూశాడు. నలుగురిలో ఆమె మామకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఇంకేదో అనేలోపు జైపాల్ ముందుకు వచ్చాడు.

"గురుస్వామీ, నాకు ముందే ఎర్క. మాల లేదని."

అందరూ అతని వైపు తిరిగారు.

"సదువుకున్నోనివి" అన్నాడు అంజయ్య. "నువ్వు గూడనా? మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఎల్లగొడతరని."

"ఎల్లగొట్టక? సూడు స్వామీ, లేనోనికి పెట్టొద్దని నేనంటలేను. అందరు తిన్నంక గేటు బయట పెడుదువు, నేనే పెట్టిస్త. గని రేపు మీ భిక్షల వాడు స్వాములతోని బంతిల కూసుంటే నేను లేస్త. నేను లేస్తే అందరు లేస్తరు. మీ అమ్మకు ఏం చెప్పుకుంటవో చెప్పుకో."

స్వాములు లేచిపోయిన భిక్ష అంటే మొక్కు తీరనట్టే. ఆ మాట బరువు అక్కడున్న అందరికీ తెలుసు. అందరూ లోపలికి పోయారు. చిన్నరాములు శాలువా భుజాన వేసుకుని పటాన్‌చెరు వైపు నడిచాడు.

సాయంత్రం చీకటి పడుతుండగా జైపాల్ వెతుక్కుంటూ వెళ్లాడు. షట్టర్ ఎత్తేసి ఉంది. మొబైల్ షాపు తెరిచారు, పాటలు పెట్టారు, గడప ముందు కుర్చీ వేసుకుని ఒక సెక్యూరిటీ మనిషి కూర్చున్నాడు. చిన్నరాములు కొంత దూరంలో, లారీలు ఆగే చోట, ఒక గోడ పక్కన దొరికాడు. అక్కడ గాలి కోస్తోంది.

జైపాల్ అతని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "రేపు మా ఇంటి భిక్ష. పిలువనీకి వచ్చిన."

"నేనొస్తే మీ పెద్దాయన లేస్తనన్నడు గద సార్."

"అన్నడు."

"మీ అమ్మ మొక్కు?"

"అమ్మకు నేను చెప్పుకుంట."

చిన్నరాములు అతన్ని అనుమానంగా చూశాడు. "ఎందుకు సార్ గింత పరేషాన్? నేను మంచోన్ననుకుంటున్నవా? రేపు మంచిగ కడుపునిండ పెట్టి, ఎల్లుండి తాగి పడితే నాకు తిట్లు, నీకు తిట్లు."

"మంచోనివా కాదా నాకు తెల్వదు" అన్నాడు జైపాల్. "ఇన్ని దినాలు నువ్వు బంతిల కూసున్నవ్. నేను వడ్డించిన. రేపు మా ఇంటి అన్నం కాడికి వచ్చేసరికి గేటు బయట కూసోమని చెప్పనీకి నాకు నోరు రాదు."

"తాగకుండ రమ్మంటవా?"

ఆ మాట జైపాల్ నాలుక చివర దాకా వచ్చింది. ఇచ్చే ప్రతివాడూ ఇవ్వడానికి ముందు అదే అడుగుతాడు. అది అడగకుండా, "స్నానం చేసి రా. పొద్దు నడినెత్తికి రాకముందే రా" అని లేచాడు.

మరునాడు సత్తెమ్మ బస్సు దిగి, నెత్తిన సంచితో సన్నిధానానికి వచ్చింది. పప్పు, కూర, పులుసు, పాయసం అన్నీ అంజయ్య వాళ్ల వంటింట్లో తనే చేసింది. జైపాల్ ఆమెను పక్కకు పిలిచి జరిగింది చెప్పాడు. ఆమె ముఖం మాడిపోయింది.

"ఎంత పని జేస్తివి కొడుకా! ఏండ్లకేండ్ల మొక్కు. స్వాములు లేసిపోతే నేను యాడ మొఖం పెట్టుకోవాలె? ఆయనకు పెట్టొద్దంటలేను. అందరు తిన్నంక పెడుదం, ఎవరు వద్దన్నరు?"

"అందరు తిన్నంక పెడితే గది మిగిలింది అమ్మా. పిలిచి పెట్టినట్టు గాదు."

"నీ సదువు నాకెందుకురా" అని ఆమె కొంగుతో కళ్లొత్తుకుని పొయ్యి దగ్గరికి పోయింది. మళ్లీ కొడుకుతో మాట్లాడలేదు.

విస్తర్లు వేశారు. స్వాములు రెండు వరుసలుగా కూర్చున్నారు. అంజయ్య మొదట్లో కూర్చుని ఒకసారి బంతి చివరిదాకా చూశాడు. చిన్నరాములు లేడు. ఆయన భుజాలు వదులయ్యాయి. సత్తెమ్మ గట్టిగా ఊపిరి వదిలి అందరి కాళ్లకూ మొక్కింది. జైపాల్ మాత్రం బకెట్ పట్టుకుని గేటు వైపే చూస్తున్నాడు. రాకపోతే పీడ పోతుందన్న ఆలోచన కూడా ఒక క్షణం వచ్చింది. వెంటనే అది అతనికే నచ్చలేదు.

వడ్డన పూర్తయింది. శరణం చెప్పారు. అంజయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అందరూ తినడం మొదలుపెట్టారు.

అప్పుడు గేటు దగ్గర చిన్నరాములు కనిపించాడు. తల తడిగా ఉంది. లుంగీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎక్కడో బోరు కింద స్నానం చేసి, కట్టుకున్న బట్టనే పిండి కట్టుకుని వచ్చాడు. లోపలికి రాలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బంతిలో చేతులు ఆగిపోయాయి. అందరూ అంజయ్య వైపు చూశారు. అంజయ్య ఎడమ చెయ్యి నేలకు ఆనింది. ఒక మోకాలు లేచింది. అంతలో ఆయన చూపు తన విస్తరి మీద పడింది. పొగలు పోతున్న అన్నం, కలిపిన పప్పు, తుంచిన ముద్ద. వడ్డించిన అన్నం ముందు నుంచి మధ్యలో లేచిపోతే ఆ అన్నాన్ని కాలితో తన్నినట్టేనని కొత్త స్వాములను ఎన్నోసార్లు మందలించింది ఆయనే. లేస్తే అన్నానికి అపచారం. లేవకపోతే నలుగురిలో అన్న మాట పోతుంది. ఆయన అలా సగం లేచి, సగం కూర్చుని ఉండిపోయాడు. వంటింటి గుమ్మంలో సత్తెమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంజయ్య మోకాలు దించాడు.

"గట్ల నిలబడి సూస్తుంటే మా అందరికి దిష్టి తగుల్తది" అన్నాడు కసురుతూ. "ఇస్తారి ఏసి కూసోబెట్టుండ్రి."

"యాడ కూసోబెట్టాలె గురుస్వామీ?" జైపాల్ అడిగాడు. ఆ మాట ఆయన నోటితోనే రావాలని అతని పట్టుదల.

"యాడేంది? ఇస్తారి ఏసేకాడ. బంతిల జాగ లేదా?" అని అంజయ్య పప్పన్నం మీదికి వంగాడు. ఇక తల ఎత్తలేదు.

బంతి చివర కూర్చున్న స్వామి కొంచెం ముడుచుకుని జరిగాడు. ఇంకొకడు అసలే జరగలేదు, ముఖం తిప్పుకున్నాడు. జైపాల్ విస్తరి వేసి నీళ్లు చల్లాడు. చిన్నరాములు తాగి వచ్చాడో, తాగకుండా వచ్చాడో తెలుసుకోవాలంటే వంగి వాసన చూస్తే సరిపోయేది. జైపాల్ వంగలేదు.

అన్నం బుట్ట తెచ్చింది సత్తెమ్మ. ఆమె అతని కాళ్లకు మొక్కలేదు. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. కానీ చేతికి మాత్రం చిన్నతనం నుంచి అలవాటైన పని అది. ఒక గరిటె వేసింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇంకొకటి వేసింది. అడ్డం పెట్టలేదు. మూడోది వేసి, "లోపల జాగ అన్న ఉందా అసలు, గింత సన్నగున్నవు" అని గొణిగింది.

అందరికంటే ముందు అంజయ్య ముగించాడు. చెయ్యి కడుక్కుని కండువాతో తుడుచుకుంటూ, ఎవరినీ చూడకుండా అన్నాడు. "షెడ్డుల మాత్రం పండొద్దు. షెడ్డు స్వాములకే. మన రూముల కాడ మెట్ల కింద జాగ ఉంది. మోటర్ ఉంది ఆడ. ముట్టొద్దని చెప్పు, అరుణా."

"మీరే చెప్పుండ్రి స్వామీ. గీడనే ఉన్నడు గద" అంది అరుణ.

అంజయ్య గోడ వైపు తిరిగి, గోడకే చెబుతున్నట్టు, "మోటర్ ముట్టొద్దు" అన్నాడు.

"ముట్ట" అన్నాడు చిన్నరాములు, నోటి నిండా అన్నంతో. "పులుసు జెర పొయ్యమనుండ్రి."

జైపాల్ బకెట్ అందుకోబోయేసరికి, సత్తెమ్మ అప్పటికే పోస్తోంది.